ష్రాప్‌షైర్‌ని సాలప్ అని ఎందుకంటారు? ఒక ఇంగ్లిష్ కౌంటీ పేరు పుట్టుక

చార్లెస్ డార్విన్ ఎక్కడ పుట్టాడని వెతికితే ఒక పుస్తకంలో ష్రూస్‌బరీ అని ఉంటుంది. ఇంకో దాంట్లో ష్రాప్‌షైర్ అని ఉంటుంది. బాగా పాత పుస్తకం చేతికొస్తే అందులో సాలప్ అని ఉంటుంది. రాబర్ట్ క్లైవ్ జీవితం చదివేవాళ్లకూ ఇదే తికమక. ఇంగ్లండ్‌లో తాతముత్తాతల వివరాలు వెతికేవాళ్లు ఒక్కో కౌంటీకి మూడక్షరాల సంకేతం వాడతారు. ష్రాప్‌షైర్ సంకేతం ఎస్-ఏ-ఎల్. ఇంగ్లిష్‌లో ష్రాప్‌షైర్ స్పెల్లింగ్ రాసి చూడండి, అందులో ఏ లేదు, ఎల్ లేదు. మరి ఈ అక్షరాలు ఎక్కడి నుంచి వచ్చాయి?

ఈ మూడు పేర్లూ ఒకే పాత పేరు నుంచి చీలినవి. ఆ పేరును ఒకప్పుడు ఇంగ్లిష్‌వాళ్లు ఒకలా పలికారు, ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇంగ్లండ్‌ని గెలిచిన నార్మన్లు ఇంకోలా పలికారు. రెండు పలుకుబడులూ చావకుండా దాదాపు వెయ్యేళ్లు పక్కపక్కనే బతికాయి. అయితే ఆ పాత పేరుకు అసలు అర్థం ఏమిటన్న దగ్గర పండితులు ఇప్పటికీ రెండు దారుల్లో ఉన్నారు.

## నది మెలికలో ఒక గుట్ట

ఇంగ్లండ్ పడమటి అంచున, వేల్స్‌ని ఆనుకుని ఉన్న కౌంటీ ష్రాప్‌షైర్. వేల్స్ కొండల్లో పుట్టిన సెవర్న్ నది దీని గుండా పారుతుంది. ఒక చోట ఆ నది గుండ్రంగా మెలిక తిరిగి ఒక గుట్టను దాదాపు పూర్తిగా చుట్టేస్తుంది. ఆ మెలిక లోపల ఉన్న ఊరు ష్రూస్‌బరీ, కౌంటీకి ముఖ్యపట్టణం. నది చుట్టకుండా వదిలేసిన ఇరుకు నేల మీద కోట ఉంది. ఊరి మీదికి ఎవరు రావాలన్నా నది దాటాలి, లేకపోతే ఆ ఇరుకు దారినే రావాలి. పేరులో కోట ఎందుకు చేరిందో ఈ నేల తీరు చూస్తే తెలుస్తుంది.

డార్విన్ 1809లో ఈ ఊళ్లోనే పుట్టి, ఇక్కడి స్కూల్లోనే చదువుకున్నాడు. పోత ఇనుముతో కట్టిన మొదటి పెద్ద వంతెన, 1779 నాటి ఐరన్‌బ్రిడ్జ్, ఈ కౌంటీలోనే సెవర్న్ మీద ఉంది. తెలుగువాళ్లకు సంబంధం ఉన్న పేరు మాత్రం క్లైవ్‌ది. అతను 1725లో ఈ కౌంటీలోని మార్కెట్ డ్రేటన్ దగ్గర పుట్టాడు. ఉత్తర సర్కారుల మీద, అంటే ఇప్పటి కోస్తా ఆంధ్రలో చాలా భాగం మీద, ఈస్టిండియా కంపెనీకి హక్కు ఇస్తూ 1765లో మొగల్ చక్రవర్తి షా ఆలం ఇచ్చిన ఫర్మానాను సంపాదించింది ఇతనే. ష్రూస్‌బరీకి 1762లో మేయర్‌గా ఉన్నాడు, పార్లమెంటులో ఆ ఊరి సభ్యుడిగానూ ఉన్నాడు. ఊరి నడిబొడ్డున అతని విగ్రహం 1860 నుంచి ఉంది. 2020లో దాన్ని తీసేయాలని పిటిషన్లు వచ్చాయి, చర్చ తర్వాత కౌన్సిల్ ఉంచడానికే నిర్ణయించింది.

## షైర్, కౌంటీ: ఒకే దానికి రెండు మాటలు

ముందు పేరు చివర ఉన్న షైర్ సంగతి చూద్దాం. ఇది పాత ఇంగ్లిష్‌లో షీర్. దానికి మొదటి అర్థం భూమి కాదు, బాధ్యత, ఉద్యోగం, అధికారం. ఒక అధికారికి అప్పగించిన పని అనే అర్థం నుంచి, ఆ పని సాగే ప్రాంతం అనే అర్థం వచ్చింది. ఆ ప్రాంతంలో రాజు తరపున పన్నులు వసూలు చేసి, న్యాయం చెప్పే అధికారిని షీర్-గెరేఫా అనేవారు. అదే నలిగి నలిగి షెరీఫ్ అయింది. అమెరికాలో ఈ రోజుకీ షెరీఫ్ ఉన్నాడంటే ఈ షైర్ పుణ్యమే.

షైర్ అంటే కత్తిరించిన ముక్క అని, గొర్రె బొచ్చు కత్తిరించడానికి ఇంగ్లిష్‌లో ఉన్న షియర్ అనే మాటతో దీనికి చుట్టరికం ఉందని చాలా పుస్తకాల్లో కనిపిస్తుంది. వినడానికి సబబుగానే ఉంటుంది కానీ ఇప్పటి నిఘంటుకారులు దీన్ని ఒప్పుకోరు. రెండు మాటల్లో పాత అచ్చులు కలవవు, పాత రాతల్లో షీర్‌కి మొదట కనిపించే అర్థం కూడా కోత కాదు.

కౌంటీ ఫ్రెంచి నుంచి వచ్చిన మాట. 1066లో నార్మండీ ప్రభువు విలియం ఇంగ్లండ్‌ని గెలిచాక, అతనితో వచ్చినవాళ్లు షైర్‌ని తమ దేశంలో కౌంట్ ఏలే ప్రాంతంతో పోల్చి ఆ పేరు పెట్టారు. పాలన ఏర్పాటు పాతదే, దాని మీద కొత్త భాష వచ్చి కూర్చుంది. అందుకే ష్రాప్‌షైర్ కౌంటీ అంటే ఒకే అర్థాన్ని రెండుసార్లు చెప్పినట్టు అవుతుంది. ఇంగ్లండ్‌లో ఆ వాడుక సహజంగా వినబడదు.

పొరుగున ఉన్న వేల్స్ భాషలో కౌంటీని స్విద్ అంటారు. ఆ మాటకు కూడా ఉద్యోగం, పదవి అనే అర్థాలు ఉన్నాయి. వేల్స్ భాషలో ష్రాప్‌షైర్‌ని స్విద్ అమ్‌విథిగ్ అంటారు. అమ్‌విథిగ్ అంటే ష్రూస్‌బరీ. గట్టి రక్షణ ఉన్న చోటు అని దానికి మామూలుగా చెప్పే అర్థం. ఇంగ్లిష్ పేరుతో దీనికి శబ్దంలో ఏ పోలికా లేదు కానీ, ఈ గుట్టను చూసి రెండు జాతులూ కోటనే గుర్తుపెట్టుకున్నాయి.

## పేరును ముక్కలు చేసి చూస్తే

ష్రాప్‌షైర్ మనకు దొరికే మొదటి రాత 1006వ సంవత్సరానిది. ఇంగ్లిష్ రాజ్యంలో ఏటేటా జరిగిన సంగతులు రాసిపెట్టిన ఆంగ్లో-సాక్సన్ క్రానికల్‌లో అది ఉంది. ఆ ఏడాది వైకింగులు దక్షిణ ఇంగ్లండ్‌ని దోచుకుంటున్నారు. రాజు ఎథెల్రెడ్ థేమ్స్ నది దాటి ఈ కౌంటీకి వచ్చి క్రిస్మస్ రోజుల్లో తనకు రావలసిన భోజన కప్పం ఇక్కడ తీసుకున్నాడని రాశారు. అక్కడ కౌంటీ పేరు పూర్తిగా ఉంది: ష్రోబ్బెస్‌బ్యురిగ్‌షీర్. పాత ఇంగ్లిష్‌లో ఎస్, సి అక్షరాలు కలిపి రాసి ష అని పలికేవారు కాబట్టి ఇక్కడ ష అనే రాస్తున్నాను. అందుకే ఇంగ్లిష్ పుస్తకాల్లో ఈ పేరు స్క్రోబ్బెస్ అని మొదలైనట్టు కనబడుతుంది.

ఇందులో మూడు మాటలు ఉన్నాయి. ష్రోబ్బ్ మొదటిది, దాని చివర ఉన్న ఎస్ మన షష్ఠీ విభక్తి లాంటిది, యొక్క అనే అర్థం ఇస్తుంది. రెండోది బ్యురిగ్, ఇది బుర్హ్ అనే మాటకు విభక్తి చేరినప్పటి రూపం. బుర్హ్ అంటే గోడో కందకమో ఉన్న కోట ఊరు. ఇంగ్లండ్‌లో కొన్ని ఊళ్లు బరో అని, కొన్ని బరీ అని ముగియడానికి కారణం కూడా ఇదే. విభక్తి లేని రూపం బరో అయింది, విభక్తి చేరిన రూపం బరీ అయింది. మూడోది షీర్. మొత్తం కలిపితే, ష్రోబ్బ్ కోటను కేంద్రంగా చేసుకుని పాలించే ప్రాంతం.

ఇంత పొడుగు పేరు రోజూ పలకడం కష్టం. నలుగురి నోళ్లలో నలిగి మధ్యలో ఉన్న బ్యురిగ్ రాలిపోయింది. ష్రోబ్‌షీర్ మిగిలింది, ష పక్కన బ సులువుగా ప లాగా పలుకుతుంది కాబట్టి చివరికి ష్రాప్‌షైర్ అయింది. ఊరి పేరులో కోట మిగిలింది, కౌంటీ పేరులో కోట పోయింది. ఇది ఈ ఒక్క కౌంటీకే జరిగింది కాదు. లాంకాస్టర్ ఊరి చుట్టూ ఉన్నది లాంకషైర్, విల్టన్ చుట్టూ ఉన్నది విల్ట్‌షైర్, ఇప్పుడు సౌతాంప్టన్ అనే ఊరి పాత పేరు హామ్‌టూన్ నుంచి వచ్చింది హాంప్‌షైర్. చెస్టర్‌కి పాత పేరు లెజెచెయాస్టర్, దాని షైర్ అరిగి అరిగి చెషైర్ దగ్గర ఆగింది.

అన్ని కౌంటీల పేర్లూ ఇలా ఊరి నుంచి రాలేదు. కెంట్ పేరు రోమన్లకన్నా పాతది, జూలియస్ సీజర్ దాన్ని కాంటియం అని రాశాడు. ఎసెక్స్ అంటే తూర్పు సాక్సన్లు, నార్ఫోక్ అంటే ఉత్తరపు జనం. ఒకప్పుడు సొంత రాజ్యంగా, సొంత జాతిగా ఉన్న ప్రాంతాలకు ఇలాంటి పేర్లు నిలిచాయి. దేశం మధ్యలో ఉన్న కౌంటీలకు మాత్రం ఎక్కువగా కోట ఊళ్ల పేర్లే ఉన్నాయి.

## ష్రోబ్బ్ మనిషా, పొదలా?

అసలు చిక్కు ఇక్కడే. ఒక వాదం ప్రకారం ష్రోబ్బ్ అంటే పొదలు, చిట్టడవి. ఇప్పటి ఇంగ్లిష్‌లో పొదను ష్రబ్ అంటారు, పొదలు అల్లుకున్న నేలను స్క్రబ్ అంటారు. రెండూ ఈ కుటుంబం మాటలే. ఈ లెక్కన ష్రూస్‌బరీ అంటే పొదల నేలలోని కోట.

రెండో వాదం ప్రకారం ష్రోబ్బ్ ఒక మనిషి పేరు లేదా ముద్దుపేరు. అతను కట్టిన, లేదా ఏలిన కోట కాబట్టి అతని పేరు వచ్చింది. ఈ వాదానికి బలం ఆ చిన్న ఎస్. పాత ఇంగ్లిష్ ఊళ్ల పేర్లలో బరీకి ముందు ఎస్ ఉంటే చాలాసార్లు అక్కడ ఒక మనిషి ఉంటాడు. ట్యూక్స్‌బరీ అంటే టెయోడెక్ అనే అతని కోట. మాంస్‌బరీలో ఉన్నది మైల్‌దుబ్ అనే ఐర్లండ్ సన్యాసి పేరు. చెట్టూ పుట్టా పేరైతే విభక్తి లేకుండా నేరుగా అతకడమే ఎక్కువ.

కానీ ఇది తప్పనిసరి నియమం కాదు. షాఫ్ట్స్‌బరీ చూడండి. అక్కడ కూడా షెయాఫ్ట్ అనే మనిషి ఉన్నాడని కొందరు, బల్లెం కర్రలా నిటారుగా ఉన్న కొండను చూసి పెట్టిన పేరని ఇంకొందరు అంటారు. ఒక ప్రాంతానికి ముందే పొదల నేల అన్న అర్థంలో ష్రోబ్బ్ అనే పేరు ఉంటే, ఆ ప్రాంతపు కోట అనే అర్థంలో ఎస్ రావడానికి అడ్డేమీ లేదు.

ఇక్కడ ఇంకో పాత రాత ఉపయోగపడుతుంది. మధ్య ఇంగ్లండ్‌లోని పాత రాజ్యం మెర్సియా పాలకులు ఎథెల్రెడ్ (1006 నాటి రాజు వేరు), అతని భార్య ఎథెల్‌ఫ్లెడ్ 901లో మచ్ వెన్లాక్ మఠానికి ఇచ్చిన దానపత్రం లాటిన్‌లో ఉంది. అది ఈ ఊళ్లోనే రాయించారు. అందులో ఊరిని స్క్రోబ్బెన్సిస్ నగరం అన్నారు. లాటిన్‌లో ఎన్సిస్ అని చివర చేరిస్తే ఫలానా చోటికి చెందిన అని అర్థం. ఇందులో కోట అనే మాట లేదు, స్క్రోబ్బ్ ఒక్కటే ఉంది. అంటే ఆ రోజుల్లో ష్రోబ్బ్ అనేది ఒంటరిగానే ఒక చోటి పేరుగా చెలామణి అయి ఉండాలి. లాటిన్ రాసినాయన పొడుగు పేరును తనకు తానే కత్తిరించాడని కూడా అనవచ్చు కాబట్టి ఇది తిరుగులేని సాక్ష్యం కాదు. ఈ ఊరితో సంబంధం ఉన్న ష్రోబ్బ్ అనే మనిషి ఆ కాలపు రికార్డుల్లో ఎక్కడా కనబడడు. ఈ రెండూ కలిపి చూస్తే నాకు పొదల వైపే మొగ్గు. ఈ మధ్యకాలపు ఊరి పేర్ల నిఘంటువులు కూడా ఎక్కువగా అటే ఉన్నాయి.

## పోలిక ఒక్కటే చాలదు: తారీకు అడ్డుపడిన ఒక వాదం

ష్రోబ్బ్ అనే మనిషి లేడన్నాను కదా, చరిత్ర తెలిసినవాళ్లు వెంటనే ఒక పేరు చెబుతారు: రిచర్డ్ ఫిట్జ్ స్క్రోబ్. ఫిట్జ్ అంటే నార్మన్ ఫ్రెంచిలో కొడుకు. స్క్రోబ్ కొడుకు రిచర్డ్ అన్నమాట. ఇతను నార్మన్. 1042 నుంచి 1066 వరకు ఏలిన ఎడ్వర్డ్ రాజు కాలంలోనే, అంటే నార్మన్ల గెలుపుకన్నా ముందే, ఇంగ్లండ్ వచ్చి స్థిరపడ్డాడు. ఇప్పటికీ రిచర్డ్స్ కాజిల్ అని పిలిచే కోట ఇతనిది. అది ష్రాప్‌షైర్ సరిహద్దులోనే ఉంది. పేరు అదే, కోట ఉంది, చోటు కూడా దగ్గరే. ఇంకేం కావాలి అనిపిస్తుంది.

కానీ వరసగా తారీకులు పెట్టండి. 901లో ఊరి పేరు ఉంది. 1006లో కౌంటీ పేరు ఉంది. రిచర్డ్ కోట కట్టింది వీటి తర్వాత, 11వ శతాబ్దం మధ్యలో. అతని తండ్రి ఊరి పేరు పుట్టిన నూట యాభై ఏళ్లకు గానీ ఈ చుట్టుపక్కల వినబడడు. కాబట్టి ఈ పోలిక కేవలం కాకతాళీయం. ఊరి పేర్ల విషయంలో చాలా గట్టిగా కనబడే వాదాలు ఇలాగే కూలిపోతాయి. పోలిక చూసే ముందు పాత రాతలను ఏళ్ల వరసలో పెట్టుకోవాలి.

పెంగ్వెర్న్ సంగతి ఇంకాస్త కష్టం. 12వ శతాబ్దం చివర్లో వేల్స్ పండితుడు జెరల్డ్, ఇప్పుడు ష్రూస్‌బరీ ఉన్న చోటనే ఒకప్పుడు పెంగ్వెర్న్ ఉండేదని, ఆ మాటకు ఆల్డర్ చెట్ల తోపు తల అని అర్థమని రాశాడు. పాత వేల్స్ పద్యాల్లో పెంగ్వెర్న్ అంటే కిన్‌దిలన్ అనే రాజు కొలువు, శత్రువుల చేతిలో పాడుబడిన చోటు. వేల్స్ పేరులో చెట్ల తోపు, ఇంగ్లిష్ పేరులో పొదలు. ఒకదాన్ని రెండోదిగా అనువదించారని కొందరు రాశారు.

జెరల్డ్ మాటను కొట్టిపారేయడం నాకు ఇష్టం లేదు. 800 ఏళ్ల కిందటి స్థానిక నమ్మకాన్ని ఆయన మనకు అందించాడు. అయితే ఆయన రాసింది ఆ రాజు కాలానికి దాదాపు 500 ఏళ్ల తర్వాత. ష్రూస్‌బరీ నేల కింద ఆ కాలపు రాజ కొలువును చూపించే ఆధారం బయటపడలేదు. పెంగ్వెర్న్‌కి వేరే చోట్లను సూచించినవాళ్లూ ఉన్నారు. బాస్‌చర్చ్ దగ్గర చిత్తడి నేల మధ్య ఉన్న బెర్త్ అనే పాత కోట దిబ్బ వాటిలో ఒకటి. ఆల్డర్ చెట్టు తడి నేలలో పెరిగేది, ష్రోబ్బ్ అంటే చిన్న పొదలు. ఒకటి రెండోదానికి సరైన అనువాదమని చెప్పడానికి అర్థాలు కూడా పూర్తిగా కలవవు.

## ఈ నేలకు అంతకుముందు పేరేమిటి?

రోమన్ల కాలంలో ఇక్కడ కోర్నోవీ అనే తెగ ఉండేది. వాళ్ల పట్టణం విరోకోనియం. రోమన్ బ్రిటన్‌లోని పెద్ద నగరాల్లో ఒకటి, దాని శిథిలాలు ష్రూస్‌బరీకి దగ్గరలో రాక్సిటర్ గ్రామం దగ్గర ఇప్పటికీ ఉన్నాయి. ఆ పేరుతో చుట్టరికం ఉన్నదే పక్కనే ఉన్న రీకిన్ కొండ పేరు. రోమన్లు పోయి, ఇంగ్లిష్‌వాళ్లు వచ్చాక ఇక్కడి ఉత్తర భాగంలో ఉన్నవాళ్లను రెయోకెన్‌సెటె అన్నారు, రీకిన్ చుట్టూ కాపురం ఉండేవాళ్లు అని అర్థం. దక్షిణాన మాగొన్‌సెటె అనే ఇంకో జనం ఉండేవారు.

అంటే ఈ ప్రాంతానికి రీకిన్ కొండ పేరు పెట్టే అవకాశం బాగానే ఉంది. కెంట్‌లా, ఎసెక్స్‌లా పాత జాతి పేరు నిలబడి ఉండవచ్చు. కానీ షైర్ గీత గీసినవాళ్లు పాత జాతుల హద్దులను పట్టించుకోలేదు. ఉత్తరపు ముక్క ఒకటి, దక్షిణపు ముక్క ఒకటి కలిపి, మధ్యలో నది మెలికలో ఉన్న కోటకు అప్పగించారు. కొత్త ప్రాంతానికి ఆ కోట పేరే వచ్చింది.

ఆ గీత ఎవరు గీశారు? 918లో ఎథెల్‌ఫ్లెడ్ చనిపోయాక మెర్సియాను తన చేతికి తీసుకున్న ఆమె తమ్ముడు, వెసెక్స్ రాజు ఎడ్వర్డే (1042 నాటి ఎడ్వర్డ్ వేరు) ఈ పని చేశాడని ఒక వాదం. పాత మెర్సియా మీద అభిమానం లేని బయటి రాజు మాత్రమే పాత హద్దులను ఇంత నిర్మొహమాటంగా చెరపగలడని వీళ్లంటారు. కాదు, ఇది 10వ శతాబ్దం చివరో 11వ శతాబ్దం మొదట్లోనో, వైకింగ్ దాడులకు డబ్బూ సైన్యమూ కావలసి వచ్చినప్పుడు జరిగిందని రెండో వాదం. ష్రాప్‌షైర్ పేరు 1006కి ముందు కనబడకపోవడం వీళ్లకు ఆసరా. 1007లో మెర్సియా అధికారిగా వచ్చిన ఎయాడ్రిక్ స్ట్రెయోనా షైర్లను షైర్లతో కలిపేశాడని, వించ్‌కంబ్ షైర్‌ని గ్లాస్టర్ షైర్‌లో చేర్చాడని వూస్టర్ సన్యాసి హెమ్మింగ్ రాశాడు. అంటే 11వ శతాబ్దంలో కూడా హద్దులు ఇంకా కదులుతూనే ఉన్నాయి. 1006 అనేది పేరు మనకు మొదట కనబడిన ఏడాది మాత్రమే, షైర్ అంతకుముందు ఎన్నాళ్ల నుంచి ఉందో ఆ రాత చెప్పదు. అందుకని ఆ ఒక్క తారీకు మీద రెండో వాదాన్ని పూర్తిగా నిలబెట్టలేం.

## నార్మన్ల నోట్లో ష్రోబ్బ్ సాలప్ ఎలా అయింది?

1066 తర్వాత ఈ కౌంటీని రోజర్ ద మాంట్‌గోమరీ అనే నార్మన్ ప్రభువుకు ఇచ్చారు. అతను 1083లో ష్రూస్‌బరీ మఠాన్ని స్థాపించాడు. కోటలో, మఠంలో, కచేరీలో రాసేవాళ్లు, రాయించేవాళ్లు చాలావరకు ఫ్రెంచి మాట్లాడేవాళ్లు. వాళ్లకు ష్రోబ్బెస్‌బ్యురిగ్ అనే పేరు మొదటి అక్షరం నుంచే ఇబ్బంది పెట్టింది.

ఒక్కో అడుగూ చూద్దాం. మాట మొదట్లో ష్ర్ అనే జంట హల్లు వాళ్ల భాషలో లేదు. మనవాళ్లు స్కూల్‌ని ఇస్కూలు అన్నట్టే వాళ్లు కూడా ఒక అచ్చు సాయం తెచ్చుకున్నారు, కాకపోతే హల్లుల మధ్యలో పెట్టుకున్నారు. 1086 నాటి డూమ్స్‌డే లెక్కల పుస్తకంలో ఊరు సిరోపెస్‌బెరీ లాగా, కౌంటీ సిరోపెస్‌సిరె లాగా కనబడుతుంది. బ అప్పటికే ప అయింది. రెండో అడుగు ష. ఆ కాలపు ఫ్రెంచిలో ష ధ్వని లేదు, దాని చోట స వచ్చింది. మూడోది ర. ఒకే మాటలో రెండు ర-లు ఉంటే, ఒకటి ల అవడం చాలా భాషల్లో కనబడుతుంది. ష్రోబ్బెస్‌బ్యురిగ్‌లో మొదట ఒక ర, చివర ఒక ర ఉన్నాయి. మొదటిది ల అయింది. అలా 12వ శతాబ్దానికి సాలోపెస్‌బెరియా లాంటి రూపాలు వచ్చాయి. లాటిన్‌లో దీన్ని సాలోపియా అన్నారు, రికార్డుల్లో తోక కత్తిరించి సాలప్ అని రాశారు.

ర ల అయిందంటే నమ్మబుద్ధి కాకపోతే సాల్స్‌బరీ పేరు చూడండి. దాని పాత ఇంగ్లిష్ పేరు సెయారోబ్యురిగ్. డూమ్స్‌డేలో సారిస్‌బెరీ. ఆ తర్వాత ర పోయి ల వచ్చి సాల్స్‌బరీ నిలిచింది. ర ఉన్న పాత రూపం సారం అనే పేరులో ఇంకా బతికుంది. నాటింగ్‌హమ్ అసలు స్నాటింగహామ్, ముందున్న స రాలిపోయింది. కేంబ్రిడ్జ్ పాత పేరు గ్రాంటెబ్రిడ్జ్ లాంటిది, గ పోయి క వచ్చింది, ర పోయింది.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడా ఉంది. ఇంగ్లిష్ పేర్లలో వింతగా కనబడిన ప్రతిదాన్నీ నార్మన్ లేఖకుల మీదికి నెట్టడం ఒక అలవాటుగా మారిందని 1990ల నుంచి కొందరు భాషా చరిత్రకారులు అభ్యంతరం చెబుతున్నారు. చాలామంది లేఖకులు ఇంగ్లండ్‌లో పుట్టినవాళ్లే, కొన్ని మార్పులు ఇంగ్లిష్‌లోనే సహజంగా వచ్చాయని వాళ్ల మాట. ఇది న్యాయమైన మాటే. సాలప్ విషయంలో మాత్రం మూడు మార్పులూ ఒకే దిక్కు చూపిస్తున్నాయి కాబట్టి, ఫ్రెంచి పలుకుబడి అన్న వివరణ ఇంకా గట్టిగానే నిలబడి ఉంది.

వేరే ఊళ్లకూ సాలప్‌కూ ఒక తేడా ఉంది. నాటింగ్‌హమ్‌లో, కేంబ్రిడ్జ్‌లో నార్మన్ రూపం పాతదాన్ని తోసేసి ఒక్కటే మిగిలింది. ఇక్కడ రెండూ మిగిలాయి. ఊరి జనం నోట్లో ష్రోబ్ ఉండిపోయింది, కాగితాల మీద సాలప్ ఉండిపోయింది. హాంప్‌షైర్‌ని ఇప్పటికీ పొట్టిగా హ్యాంట్స్ అని రాయడం కూడా ఇలాంటి పాత స్పెల్లింగ్ మిగులే, కానీ అక్కడ పోలిక కంటికి కనబడుతుంది. సాలప్ చుట్టరికం కనిపెట్టాలంటే ఇంత వెనక్కి నడవాలి.

## ష్రూస్‌బరీనా, ష్రోస్‌బరీనా?

ఊరి పేరు దారి వేరు. బ్యురిగ్ పోలేదు, మొదటి ముక్కలో ఉన్న బ మెత్తబడి వ అయి, తర్వాత ఇంకా కరిగింది. ష్రోవ్స్‌బరీ, ష్రోస్‌బరీ అనే రూపాలు వచ్చాయి. ఈ లెక్క ప్రకారం ష్రోస్‌బరీ పాత పలుకుబడికి దగ్గర. మరి స్పెల్లింగ్‌లో ఈ-డబ్ల్యూ ఎందుకుంది? ఇంగ్లిష్‌లో కుట్టడం అనే అర్థం ఉన్న సో అనే మాటను ఈ-డబ్ల్యూతో రాసి ఓ అని పలుకుతారు. ఊరి పేరు కూడా అలా రాసినదే. తర్వాత తరాలు స్పెల్లింగ్ చూసి ఊ అని చదివాయి. ఊళ్లో ఇప్పటికీ రెండు వర్గాలూ ఉన్నాయి, పక్క వీధిలోనే రెండో పలుకుబడి వినబడవచ్చు.

మన దేశంలో పుణె బేకరీల పుణ్యమా అని ష్రూస్‌బరీ బిస్కెట్ అందరికీ తెలుసు, ఆ పేరు ఈ ఊరిదే. అమెరికాలో మసాచుసెట్స్‌లో భారతీయ కుటుంబాలు చాలా ఉన్న ష్రూస్‌బరీ టౌన్‌కి ఆ పేరు ష్రూస్‌బరీ డ్యూక్ చార్లెస్ టాల్బట్ పేరు మీద వచ్చింది. ఈ రెండు చోట్లా ఊ పలుకుబడే స్థిరపడింది.

## 1974లో పేరు మారింది, 1980లో వెనక్కి వచ్చింది

సాలప్ అన్నది వందల ఏళ్లు కౌంటీకీ, ఊరికీ రెండిటికీ వాడిన పొట్టి పేరు. 1889లో కౌంటీ కౌన్సిళ్లు ఏర్పడినప్పుడు ఇక్కడిదానికి సాలప్ కౌంటీ కౌన్సిల్ అనే పేరు పెట్టారు. అప్పుడు కౌన్సిల్ పేరు మాత్రమే సాలప్, జనం కౌంటీని ష్రాప్‌షైర్ అనే పిలుచుకున్నారు.

1972 స్థానిక ప్రభుత్వ చట్టం 1974 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అది కౌంటీకే సాలప్ అని పేరు పెట్టింది. ప్రభుత్వం దృష్టిలో ఇది కొత్త పేరు కాదు, కౌన్సిల్ ఎనభై ఏళ్లుగా వాడుతున్నదే. జనానికి అలా అనిపించలేదు. చిరునామాలో పొట్టిగా రాసుకునే పేరు వేరు, తాము పుట్టిన నేల పేరు వేరు. పైగా ఫ్రెంచిలో సాలోప్ అనే మాట ఆడవాళ్లను అవమానించే తిట్టు. బ్రిటన్ 1973లో యూరప్ ఆర్థిక కూటమిలో చేరింది, ఆ నేపథ్యంలో ఈ ఇబ్బంది మరింత చర్చకు వచ్చింది. పేరు మార్చాలని స్థానికంగా ఉద్యమం నడిచింది. 1980 ఏప్రిల్ 1 నుంచి కౌంటీ, కౌన్సిల్ రెండూ ష్రాప్‌షైర్ అయ్యాయి.

రెండు పక్షాలకూ న్యాయం ఉంది. సాలప్ తప్పు పేరు కాదు, దొంగ పేరు అంతకన్నా కాదు. ఎనిమిది, తొమ్మిది వందల ఏళ్ల చరిత్ర ఉన్న రూపం. ష్రాప్‌షైర్ అంతకన్నా పాతది, జనం నోట్లో ఎప్పుడూ ఆగనిది. 1980లో ఓడిపోయింది సాలప్ అనే మాట కాదు, దాన్ని ఒక్కటే అధికారిక పేరుగా పెట్టాలన్న నిర్ణయం.

## ఈ రోజు ష్రాప్‌షైర్ అంటే ఎంత మేర?

పేరు ఒక్కటే అయినా హద్దులు రెండు రకాలు. 18వ శతాబ్దం చివర్లో ఈ కౌంటీ సర్వేయర్‌గా పనిచేసిన ఇంజినీర్ థామస్ టెల్‌ఫర్డ్ పేరు మీద 1960ల్లో ఇక్కడ టెల్‌ఫర్డ్ అనే కొత్త నగరం వెలిసింది. 1998లో టెల్‌ఫర్డ్ అండ్ రీకిన్ విడిగా తన కౌన్సిల్ తాను నడుపుకోవడం మొదలుపెట్టింది. మిగతా ప్రాంతంలో జిల్లా కౌన్సిళ్లను రద్దు చేసి 2009లో ష్రాప్‌షైర్ కౌన్సిల్ ఒక్కటే ఉంచారు. కాబట్టి ష్రాప్‌షైర్ జనాభా, ష్రాప్‌షైర్ బడ్జెట్ అని ఎవరైనా రాస్తే టెల్‌ఫర్డ్‌ని కలిపి చెబుతున్నారా, వదిలేసి చెబుతున్నారా అన్నది చూసుకోవాలి. రాజు ప్రతినిధి ఉండే లాంఛనపు కౌంటీలో రెండూ కలిసే ఉన్నాయి. పాలనలో మాత్రం విడివిడిగా ఉన్నాయి. 10వ, 11వ శతాబ్దాల్లో షైర్ గీతలో కలిసిపోయి కనుమరుగైన రీకిన్ పేరు ఈ విధంగా మళ్లీ పాలనా పటం మీదికి వచ్చింది.

సాలప్ కూడా ఎక్కడికీ పోలేదు. ఈ కౌంటీవాళ్లను సాలోపియన్లు అంటారు, ష్రూస్‌బరీ స్కూల్ పూర్వ విద్యార్థులను ఓల్డ్ సాలోపియన్లు అంటారు. కౌంటీ చిహ్నం మీద సాలోపియా వర్ధిల్లాలి అని లాటిన్‌లో ఉంటుంది. 1886లో మొదలైన ష్రూస్‌బరీ టౌన్ ఫుట్‌బాల్ క్లబ్ ఆడేటప్పుడు అభిమానులు అరిచే పేరు సాలప్.